బరఫ్ ఏదిరా

ఆ కళ్ళజోడు మా కొట్టుకి మార్చి నెలాఖరులో వచ్చింది. చూడటానికి మామూలు నల్ల ఫ్రేము కళ్ళజోడే. కుడి కన్ను పక్కన, కాడ మడత పడే చోట, ఆవగింజంత కెమెరా. కాడ మీద ఒక మీట. అది నొక్కితే ఎదురుగా ఉన్నదంతా మాటలతో సహా వీడియో అయిపోతుంది. రికార్డు అవుతున్నంతసేపూ ముందువైపు చిన్న తెల్లదీపం వెలుగుతుంది, ఎదుటి మనిషికి తెలియడానికి. మా యజమాని ధనరాజు గారు మొదటి రోజే ఆ దీపం మీద నల్లటేపు ముక్క అంటించమన్నారు.

"లైటు చూస్తే జనం బిగుసుకుపోతారమ్మా. నేచురల్‌గా రావాలి," అన్నారు.

అంటించింది నేనే. గోటితో నొక్కి, అంచులు సరిచేసి మరీ అంటించాను. నా తప్పు ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే అక్కడే మొదలైంది.

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో ధనరాజు గారిది పెద్ద కొట్టు. ఫోన్లు, టీవీలు, చేతి వాచీలు, మెడలో వేసుకునే ఫ్యాన్లు, ఏది కొత్తగా వచ్చినా దీవుల్లో ముందు ఆయన దగ్గరే దిగాలి. నేను అక్కడ మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. మా ఇల్లు హార్బరుకి అవతల, బాంబూఫ్లాట్‌లో. రోజూ పొద్దున్న ఫెర్రీ ఎక్కి చాథం జెట్టీలో దిగి, అక్కడినుంచి బస్సు. నాన్న రమణయ్య డింగీ అనే చిన్న మోటారు పడవ మీద వేటకి వెళ్తాడు. ఆయన తెచ్చిన చేపలు అమ్మ జెట్టీ దగ్గరి మార్కెట్లో కూర్చుని అమ్ముతుంది.

అమ్మ పేరు దేముడమ్మ. ఆమె గొంతు గురించి మా వాడలో అందరికీ తెలుసు. ఫెర్రీ ఇంకా ఒడ్డుకి ఆనకముందే "ఒంజరం! తాజా ఒంజరం! ఆవో దీదీ!" అని అమ్మ పిలుపు డెక్కు మీదికి వినిపించేది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఆ పిలుపు విని సిగ్గుపడేదాన్ని. నా స్నేహితురాళ్ళ అమ్మలెవరూ అలా అరిచేవాళ్ళు కాదు.

"వారం రోజులు నువ్వే పెట్టుకు తిరుగు బేటా," అని ధనరాజు గారు కళ్ళజోడు నా చేతికిచ్చారు. "ఫెర్రీలో, బజార్లో, ఎక్కడ మంచి సీను కనబడితే అక్కడ నొక్కు. మన పేజీలో పెడదాం. చూసినవాడు అడగాలి, ఇది దేంతో తీశారని."

నాకు గర్వమేసింది. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాను కూడా.

ఆ వేసవిలో మా జెట్టీ పక్కనున్న బరఫ్ ఫ్యాక్టరీ సగం పనిచేసేది, సగం మూలిగేది. ఐసుగడ్డని దీవుల్లో మేం తెలుగువాళ్ళం కూడా బరఫ్ అనే అంటాం. కరెంటు పోతోందనీ, మిషను చెడిందనీ రోజుకో కబురు చెప్పేవాడు అక్కడి గుమస్తా. బరఫ్ లేకపోతే ఎండలో చేప పొద్దున్న పది గంటలదాకా కూడా ఆగదు. మొప్పలు నల్లబడతాయి. కళ్ళు లోపలికి పోతాయి. తర్వాత వాటిని పట్టుకెళ్ళి మళ్ళీ సముద్రంలోనే పారబొయ్యాలి.

ఏప్రిల్ మొదటివారంలో ఒక పొద్దున్న నేను ఫెర్రీకి వెళ్తుంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అందరి కాళ్ళ దగ్గరా చేపల బుట్టలు. కిటికీలోంచి గుమస్తా విసుగ్గా అంటున్నాడు: "మషీన్ ఖరాబ్ హై. బరఫ్ నహీ హై. జావ్, జావ్."

సరిగ్గా అప్పుడే వెనక గేటు దగ్గర ఒక లారీ కదిలింది. గోనెసంచులు కప్పి ఉన్నా కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ చూసింది. బుట్టలోంచి ఒక వంజరం చేపని తోక పట్టుకుని పైకి లేపింది.

"బరఫ్ ఏదిరా?" అని అరిచింది. "ఏదిరా బరఫ్? ముందు గేటుకి నేదంతావు, యెనక గేటున లారీకెత్తుతావు. నాకు కళ్ళు నేవనుకున్నావేటి? నా పెనిమిటి రెండు దినాలు ఎండకి మాడి తెచ్చిన సేపరా ఇది! నీ కళ్ళ ముందే కుళ్ళిపోతాంది. హోటలోడికి బరఫ్ ఉంతాది, మాకుండదా? బరఫ్ ఏదిరా! సెప్పు, బరఫ్ ఏదిరా!"

ఆమె మెడనరాలు బిగుసుకున్నాయి. పట్టుకున్న చేప ఊగుతోంది. వెనక ఎర్రటి పొద్దు, నీలం నీళ్ళు. నా చెయ్యి కాడ మీదికి వెళ్ళింది. అమ్మ బాధ చూసి వెళ్ళలేదు. సీను బాగుందని వెళ్ళింది.

నిమిషం పైనే తీశాను. గుమస్తా మళ్ళీ మిషను చెడిందనడం, లారీ నీళ్ళు కారుతూ వెళ్ళడం, అమ్మ మళ్ళీ మొదటినుంచి అరవడం, అన్నీ అందులో పడ్డాయి. అంతలో ఫెర్రీ కూత వేసింది. అమ్మ తల తిప్పి నన్ను చూసింది. ఆ కోపంలోనే గొంతు ఒక్కసారి దించేసి, "ఒలే, నువ్వెల్లే, ఫెర్రీ పోతాది," అంది. మళ్ళీ గేటు వైపు తిరిగింది. నేను వెళ్ళిపోయాను.

మా కొట్టు పేజీ చూసేది మనోజ్. నా ఈడువాడే. మధ్యాహ్నం జనం లేని వేళ ఆ వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించి చూశాడు, కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు.

"యార్, ఆంటీ క్యా ఫైర్ హై! ఎవరు లహరీ ఈవిడ?"

"మా అమ్మ," అన్నాను. నాకూ నవ్వొచ్చింది. తెర మీద అమ్మ నిజంగానే తమాషాగా ఉంది. అంత పెద్ద నోరు, ఆ చేప, గుడ్లురిమిన ఆ కళ్ళు.

"లారీ, గేటు, హోటలు, ఇదంతా ఎవడికి కావాలి," అని మనోజ్ కోసుకుంటూ పోయాడు. చివరికి ఏడు సెకన్లు మిగిలాయి. బరఫ్ ఏదిరా, బరఫ్ ఏదిరా, బరఫ్ ఏదిరా. మూడోసారి ఆమె నోరు తెర నిండా వచ్చేలా పెంచాడు. కింద డోలు చప్పుడు తగిలించాడు. "పెట్టెయ్యనా?"

"మా అమ్మ అని రాయకు, అంతే," అన్నాను.

పెట్టొద్దు అనలేదు.

ఉత్తరాదిలో బరఫ్ అంటే ఆకాశం నుంచి రాలే మంచు కూడా కదా. మూడోరోజుకల్లా మంచుకొండల్లో హనీమూనుకి వెళ్ళిన కొత్తజంటలు మా అమ్మ గొంతుకి పెదాలు కదుపుతూ వీడియోలు పెట్టారు. ఎవడో ఫ్రిజ్జు తలుపు తెరిచి అందులో తల పెట్టి అరిచాడు. కుక్కపిల్ల చేత అరిపించారు. ఇంకెవడో ఏదో యాప్‌లో పడేస్తే అది అమ్మ అరుపుని సాగదీసి పాట కట్టి ఇచ్చింది. దాని మీద పెళ్ళిబరాతుల్లో గంతులేశారు. లక్షల మంది చూశారని మనోజ్ రోజూ అంకె చదివి వినిపించేవాడు. ధనరాజు గారు అందరికీ జిలేబీ తెప్పించారు. నేనూ తిన్నాను.

అమ్మది మీటల ఫోను. ఆమెకేం తెలుసు?

ఒక ఆదివారం నేను మార్కెట్లో అమ్మ పక్కన కూర్చుని ఉండగా ఫెర్రీ దిగిన టూరిస్టులు నలుగురు నేరుగా మా దగ్గరికే వచ్చారు. ఫోన్లు ముందే పైకి లేపి ఉన్నాయి.

"ఆంటీజీ, బరఫ్ కహాఁ హై?" అని అడిగింది అందులో ఒకమ్మాయి.

అమ్మ నిజంగానే బరఫ్ కోసం వచ్చారనుకుంది. "ఇధర్ నహీ హై బేటా. ఉధర్ ఫ్యాక్టరీ హై, లేకిన్ వో లోగ్ దేతా నహీ. తుమ్ బోలో, తుమ్ పఢే లిఖే లోగ్ హై, శాయద్ దేగా," అని చెయ్యి చాచి దారి చూపించింది. చదువుకున్నవాళ్ళు అడిగితే ఇస్తారేమోనని ఆమె ఆశ.

వాళ్ళు పడీపడీ నవ్వి, వీడియోలోలా కోపంగా అరవమన్నారు. "నహీ ఆంటీజీ, వైసే బోలియే నా, గుస్సే సే!"

అమ్మ నా వైపు చూసింది, వీళ్ళేమంటున్నారో చెప్పమన్నట్టు. నేను చేపల మీద నీళ్ళు చల్లుతూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం నాన్న ఆమెకి చెప్పాడు. డింగీల దగ్గర ఎవరో ఫోనులో చూపించారట. "నీ అరుపే మరి. ఊరూరా ఆడిస్తన్నారు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎవులు తీసారంట?"

"తెల్దే. ఎవుడో టూరిస్టు అయ్యుంటాడు."

నేను అన్నం కలుపుకుంటున్నాను. "అవును, టూరిస్టే అయ్యుంటారు," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! అమ్మ నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

ఆ మర్నాటి నుంచి ఆమె మార్కెట్లో అరవడం మానేసింది. గొంతెత్తితే చాలు, ఏదో ఒక పక్క నుంచి ఫోను లేచేది. తోటి అమ్మకందార్లు కూడా మొదట్లో నవ్వారు. కనకలక్ష్మి పెద్దమ్మ ఒక్కతే, అమ్మ కంటే పెద్దది, నవ్విన ప్రతివాళ్ళనీ కసురుకునేది. ఫెర్రీ ఒడ్డుకొచ్చేది, జనం దిగేవాళ్ళు, అమ్మ తల వంచుకుని చేపల మీద ఈగలు తోలుతూ కూర్చునేది. అడిగినవాళ్ళకి ధర చెప్పేది, అదీ పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా.

బరఫ్ మాత్రం రాలేదు. లారీ రోజూ వెళ్ళేది.

ఏప్రిల్ చివర్లో పన్నెండు మంది ఆడవాళ్ళూ కలిసి ఫిషరీస్ ఆఫీసుకి అర్జీ పెట్టాలనుకున్నారు. రాయమని నన్నే అడిగారు. నాకు తెలుగు మాట్లాడటమే తప్ప తిన్నగా రాయడం రాదు, హిందీలో రాశాను. ముందు గేటు, వెనక గేటు, లారీ వేళలు, పారబోసిన చేపలు, అన్నీ అమ్మ ఒక్కొక్కటే చెబితే రాశాను. అందరూ వేలిముద్రలూ సంతకాలూ పెట్టారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. అమ్మా, కనకలక్ష్మి పెద్దమ్మా, నేనూ వెళ్ళాం.

ఆఫీసరు కాగితం తీసుకుని మొదటి వరస చదివాడు. ఆగాడు. తలెత్తి అమ్మని చూశాడు. వీడియోలో మనిషిని పోల్చుకుని అతని మొహం విప్పారింది.

"అరే! ఆప్ వహీ హై నా?"

బెల్లు కొట్టాడు. గుమస్తాలు, టైపిస్టు, ప్యూను తలుపు దగ్గర మూగారు. ఒకడు ఫోనులో ఆ ఏడు సెకన్లూ పెట్టాడు. ఆ గదిలో, అర్జీ ఇచ్చి కూర్చున్న అమ్మ ముందు, అమ్మ గొంతు అరిచింది. అందరూ నవ్వారు. దుర్మార్గులై నవ్వలేదు. ఇంటికొచ్చిన సినిమామనిషిని చూసినట్టు సంతోషంగా నవ్వారు. నాకు అదే ఇంకా మండింది.

నవ్వులు ఆగేదాకా అమ్మ ఆగింది. తర్వాత తన హిందీలో మెల్లగా చెప్పింది, వెనక గేటు నుంచి బరఫ్ హోటళ్ళకి పోతోంది సాబ్, ముందు గేటులో మాకు లేదంటున్నారు అని.

"ప్రూఫ్ హై?" అన్నాడు ఆఫీసరు. వాళ్ళు మిషను చెడిందని రాసిచ్చారనీ, ఇలా నోటిమాటగా ఎవరిమీదా చర్య తీసుకోలేమనీ మర్యాదగానే చెప్పాడు. అర్జీ మీద ముద్ర వేసి ఒక దొంతర కింద పెట్టాడు. మేం లేస్తుంటే టైపిస్టు అమ్మతో సెల్ఫీ అడిగింది.

రుజువు మా కొట్టు కంప్యూటర్లో ఉంది. లారీ, కారుతున్న నీళ్ళు, గుమస్తా మాట, తేదీ, గంట, అన్నీ. బోరని కోసి పారేసిన ముక్కలో. నాకు తెలుసు. తెలిసి ఆ కుర్చీలో బొమ్మలా కూర్చున్నాను.

ఫెర్రీలో కనకలక్ష్మి పెద్దమ్మ కింద నీడలో కూలబడింది. అమ్మా నేనూ పైన డెక్కు మీద నిలబడ్డాం. చాథం రంపపుమిల్లు వెనక్కి పోతోంది.

"ఆ ఈడియోలో నాను లారీ మాట అన్నది నేదు," అంది అమ్మ. "ఆ దినం అన్నానా, నేదా?"

"అన్నావు."

"మరెవులు కోసేసారు?"

"మనోజ్ కోశాడు. మా కొట్లో," అన్నాను. "తీసింది నేను."

ఏం తప్పించుకోవాలన్నా ఇక చోటు లేదు. ఆమె నన్ను కొట్టినా బాగుండేది. జెట్టీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఫెర్రీ గట్టుకి తగిలి ఊగాక అంది:

"అద్దాలెట్టుకున్నావు ఆ రోజు. ఎండకనుకున్నాను."

బుట్ట లేకుండా ఖాళీ చేతుల్తో నా ముందు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను, పూర్తి వీడియో తెచ్చుకోవాలని. గోడ మీద పదకొండు టీవీలు వరసగా ఉంటాయి మా కొట్లో. పదకొండిట్లోనూ అమ్మ ఉంది.

అమ్మే, కానీ అమ్మ కాదు. నీలం పట్టుచీర. పలువరస తెల్లగా, సమంగా ఉంది. అమ్మకి ఎడమవైపు పన్ను లేదు, ఈవిడకుంది. ఎండకి కమిలిన బుగ్గలు నునుపుదేరాయి. బ్యాటరీ ఐసుపెట్టె ఒకటి పక్కన పెట్టుకుని, రేడియోలో వార్తలు చదివినంత చక్కటి హిందీలో, నవ్వుతూ చెబుతోంది: "బరఫ్ కహాఁ హై? బరఫ్ యహాఁ హై! ఆయియే, ధనరాజ్‌ కీ దుకాన్ మే!" గొంతు మా అమ్మదే. ముక్కు కదిలే తీరు కూడా అమ్మదే.

"ఎలా ఉంది?" అన్నారు ధనరాజు గారు. "ఒక ఫోటో, ఆ గొంతు ఇస్తే చాలు, పది నిమిషాల్లో తయారు. మీ అమ్మగారిని స్టార్‌ని చేసేశాం బేటా."

"తీసెయ్యండి సార్."

"ఏం?"

"ఆమెని అడగలేదు మీరు."

"అది ఆమె కాదమ్మా. ఏఐ." చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "కంప్యూటరు బొమ్మ."

"మొహం ఎవరిది? గొంతు ఎవరిది?"

"తెచ్చిచ్చింది ఎవరు?" అన్నారాయన, చల్లగా. "నువ్వే కదా. అప్పుడు జిలేబీ తిన్నావు, ఇప్పుడు గొడవేంటి?"

ఆయన అన్నది నిజమే కాబట్టి ఒళ్ళంతా ఇంకా మండింది. పూర్తి వీడియో ఇమ్మన్నాను. అది కొట్టు సొత్తు, ఇవ్వనన్నారు. హోటళ్ళన్నీ తన దగ్గరే టీవీలు కొంటున్నాయనీ, వాళ్ళ లారీలతో తనకి పేచీ వద్దనీ అన్నారు. మెళ్ళోని కొట్టు బ్యాడ్జీ తీసి కౌంటర్ మీద పడేసి వచ్చేశాను. మనోజ్ నా వైపు చూడలేదు, మౌసు కదుపుతూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో చేప పొలుసు తీస్తోంది. నాన్న వల అల్లుతున్నాడు. ఇద్దరి ముందూ నిలబడి మొత్తం చెప్పాను. టేపు ముక్క దగ్గర్నుంచి జిలేబీ దాకా, ఆ పట్టుచీర దాకా. నాన్న వల పక్కన పెట్టేశాడు. అమ్మ కత్తి ఆపలేదు.

"అందులో నానేటంతన్నాను?" అని అడిగింది నన్ను చూడకుండా.

"బరఫ్ ఇక్కడుంది, ధనరాజు కొట్టుకి రండి అంటున్నావు."

"నానే అంతన్నానా?"

"నువ్వే."

కత్తి నీళ్ళలో కడిగింది. "అయితే ఎల్దాం," అంది.

మర్నాడు మొదటి ఫెర్రీలో ఏడుగురు ఆడవాళ్ళు బుట్టలతో ఎక్కారు. చాథంలో సరుకు ఆటో మాట్లాడుకున్నాం. మేం చేరేసరికి ధనరాజు గారు కొట్టు తెరిచి అగరుబత్తి వెలిగిస్తున్నారు. ఏసీ అప్పుడే అందుకుంటోంది. అమ్మ ముందు నడిచింది. ఫోన్లు వరసగా పేర్చిన అద్దాల కౌంటర్ మీద తన బుట్ట పెట్టింది. వెనకే కనకలక్ష్మి పెద్దమ్మ. వెనకే మిగతావాళ్ళు. కొత్తఫోన్ల డబ్బాల మీదికి చేపనీళ్ళు కారడం మొదలైంది. రెండు బుట్టలు నిన్నటివి. వాసన ఒక్క నిమిషంలో కొట్టంతా నిండిపోయింది.

"ఏయ్! ఏంటిది? ఎవరు మీరంతా?" అని ధనరాజు గారు పరుగెత్తుకొచ్చారు.

అమ్మ గోడ మీద టీవీల వైపు చెయ్యి చూపించింది. పదకొండు పట్టుచీరలు నవ్వుతున్నాయి. ఆయన ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశారు. పాపం, పోల్చుకోవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

"బరఫ్ ఇక్కడుందన్నావంట కదా బాబూ, నా నోటితో," అంది అమ్మ. అరవలేదు. "సేపలు తెచ్చాం. బరఫ్ ఎట్టు."

"అమ్మా, అది యాడు, ప్రకటన. ఊరికే అలా..."

"ఊరికే ఏటి? ఊరందరికీ సెప్పావు కదా, బరఫ్ ఉన్నాదని. ఎట్టు మరి. సేప సెడిపోతాంది."

గుమ్మం దగ్గర జనం చేరారు. ముక్కులు మూసుకున్నవాళ్ళు, నవ్వేవాళ్ళు. ఫోన్లు లేచాయి. పక్కకొట్టు వాళ్ళు, బస్సుకోసం నిలబడ్డవాళ్ళు, ఎవరో టూరిస్టులు. కనకలక్ష్మి పెద్దమ్మ వాళ్ళ మీదికి వెళ్ళబోతే అమ్మ ఆపింది.

ధనరాజు గారికి చెమటలు పట్టాయి. "తీసేస్తాను తల్లీ. ఇప్పుడే తీయించేస్తాను. మనోజ్! అన్నీ డిలీట్ కొట్టెయ్. ఆ పాతది కూడా. చాలా? బుట్టలు తీయించండి."

"తీసీకు," అంది అమ్మ.

"ఆఁ?"

"ఏసినోడివి పూర్తిగా ఎయ్యి. నాను అన్నదంతా ఎయ్యి. సగం కోసి ఎయ్యడానికి నా మాటేటి, సేపా?"

నేను కౌంటర్ దాటి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. ధనరాజు గారు "లహరీ!" అని గదమాయించారు. మనోజ్ ఒక్క క్షణం ఆయన్ని చూసి, కుర్చీలోంచి లేచి నాకు చోటిచ్చాడు.

పట్టుచీరలు పోయాయి. పదకొండు టీవీల్లో మా జెట్టీ వచ్చింది. గేటు, ఎర్రటి పొద్దు, గుమస్తా "మషీన్ ఖరాబ్ హై" అనడం, వెనక నీళ్ళు కారుతూ కదిలిన లారీ. దాని నంబరు పెద్దతెర మీద స్పష్టంగా కనబడింది. అమ్మ అరిచింది. డోలు లేదు, పాట లేదు. బజారు రోడ్డుదాకా వినబడింది. నా పెనిమిటి రెండు దినాలు ఎండకి మాడి తెచ్చిన సేపరా ఇది, అన్నప్పుడు గుమ్మంలో నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపారు. కొందరు ఫోన్లు దించారు.

ఆఖర్న ఆమె మొహం నేరుగా తెరలోంచి మావైపు తిరిగింది. గొంతు దిగింది. "ఒలే, నువ్వెల్లే, ఫెర్రీ పోతాది."

తెర నల్లబడింది. కనకలక్ష్మి పెద్దమ్మ మెల్లగా నావైపు తిరిగింది. అప్పటిదాకా ఆమెకి తెలియదు, తీసింది ఎవరో. మిగతా ఆడవాళ్ళకీ తెలియదు. ఒక్కొక్కరే చూశారు నన్ను. నాకు ఆ కొట్లో నిలబడటానికి చోటు చాల్లేదు.

అమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆ నిమిషం వీడియోని నా ఫోనులోకి ఎక్కించుకుని మేమూ పెట్టాం. చూసినవాళ్ళు రెండొందల మంది కూడా లేరు. ఏడు సెకన్లది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, ధనరాజు గారు తీసేసినా సరే. వేల చేతుల్లోకి పోయినదాన్ని ఎవరు తీస్తారు? కానీ ఆరోజు అబర్డీన్ బజార్లో నిలబడి విన్నవాళ్ళు విన్నారు. వాళ్ళలో స్థానిక పత్రికలో రాసే సత్యారావు గారు ఒకరు. లారీ నంబరుతో సహా వార్త వేశారు. మే మూడోవారంలో తనిఖీ జరిగింది. ఫ్యాక్టరీ నడిపే కాంట్రాక్టరుని మార్చారు. ముందు గేటు దగ్గర టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. బుట్టలవాళ్ళకి ముందు, లారీలకి తర్వాత.

టోకెన్లు మొదలైన రోజున మా అర్జీ తీసుకున్న ఆఫీసరే వచ్చాడు, ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని. మొదటి బరఫ్‌గడ్డ అమ్మకి స్వయంగా అందిస్తానన్నాడు. అందిస్తూ, "ఏక్ బార్ బోల్ దీజియే ఆంటీజీ, మజా ఆయేగా," అని ఆ అరుపు మళ్ళీ ఒకసారి అరవమన్నాడు.

అమ్మ బరఫ్‌ని రెండు చేతులా అందుకుని, వీపు తిప్పి, చేపల మీద పగలగొట్టి పరవడం మొదలుపెట్టింది. మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో ఆఫీసరు నవ్వుతున్నాడు, అమ్మ వీపు కనబడుతోంది.

నాకు ధనరాజు గారి మీద కోపం పోలేదు. మనోజ్ తర్వాత ఫోను చేసి సారీ చెప్పాడు, అతని మీదా పోలేదు. ఆ మంచుకొండల జంటల మీద, ఆ టైపిస్టు మీద, లక్షల మంది మీద ఎలా కోపగించుకోవాలో నాకు తెలియదు. నా మీద నాకున్నది మాత్రం రోజూ పొద్దున్నే నాతోపాటు లేస్తుంది. ఇప్పుడు నేనూ మార్కెట్లోనే కూర్చుంటున్నాను. కనకలక్ష్మి పెద్దమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు టీ గ్లాసు నా ముందు పెట్టింది.

అమ్మ మాట్లాడుతుంది. అన్నం తిన్నావా అంటుంది, గొడుగు తీసుకో అంటుంది. జులైలో వానలు పట్టాక ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఇద్దరం రేకుల కింద కూర్చున్నాం. ఎందుకో హుషారుగా ఉంది ఆమె. తన పెళ్ళయిన కొత్తలో నాన్న డింగీ మీద మాయాబందర్ తీసుకెళ్తానని బయల్దేరి, సగం దారిలో నూనె అయిపోయి, ఎవరిదో పడవకి తాడు కట్టించుకుని సిగ్గుతో ఇంటికొచ్చిన సంగతి చెబుతోంది. నాన్న మొహం ఎలా పెట్టాడో చేసి చూపిస్తోంది. నవ్వుతోంది. గొంతు కొంచెం లేచింది కూడా.

టైమెంతయిందో చూద్దామని నేను ఫోను బయటికి తీశాను.

ఆమె ఆగిపోయింది. మాట మధ్యలో, చెయ్యి గాల్లో ఉండగానే. మొహం మామూలుగా పెట్టుకుని, వానని చూస్తూ కూర్చుంది.

నేను ఫోను సంచిలో వేసి, జిప్పు చివరిదాకా లాగి, సంచి బల్ల కిందకి నెట్టాను. ఇంకాసేపు వాన చూశాక, మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు మిగతాది చెప్పింది.